జాతర అయిపోయాక ఏం మిగులుతుంది? నాగోబా, మేడారం కథ

జాతర సీజన్ వచ్చిందంటే చాలు, ఒక ప్రశ్న తప్పకుండా వినిపిస్తుంది. "నాలుగు రోజుల జాతరకి ఇన్ని కోట్లా? ఆ డబ్బుతో బడి కట్టొచ్చు కదా, ఆస్పత్రి కట్టొచ్చు కదా?" అడిగేవాళ్లని తప్పుపట్టను. లెక్క అడగడం మంచిదే. కానీ దానికి జవాబు చెప్పాలంటే, అసలు జాతర అనేది జనం మధ్య ఏం పని చేస్తుందో ముందు చూడాలి. "మన సంస్కృతి, మన సంప్రదాయం" అని రెండు పెద్ద మాటలు అనేసి ఊరుకుంటే ఏమీ తేలదు. అందుకే ఈ ఎపిసోడ్‌లో రెండే రెండు జాతరలు తీసుకున్నాను. రెండూ ఆదివాసులవే, రెండూ తెలంగాణలోవే. ఒకటి ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో జరిగే నాగోబా, ఇంకొకటి ములుగు జిల్లా మేడారంలో జరిగే సమ్మక్క సారలమ్మ.

ముందు నాగోబా. ఎందుకంటే మేడారం గురించి మీకు ఎంతో కొంత తెలిసే ఉంటుంది. దీని గురించి తెలిసినవాళ్లు తక్కువ.

కేస్లాపూర్ ఇంద్రవెల్లి మండలంలో ఉంటుంది. నాగోబా అంటే సర్పదేవత, గోండుల్లో మెస్రం వంశం వాళ్ల కులదైవం. పుష్య మాసం అమావాస్య రాత్రి మహాపూజతో జాతర మొదలవుతుంది. కానీ అసలు పని అంతకు చాలా రోజుల ముందే మొదలవుతుంది. మెస్రం వాళ్లు కేస్లాపూర్ నుంచి కాలినడకన బయల్దేరి, జన్నారం వైపు గోదావరిలో హస్తినమడుగు అనే చోటికి వెళ్లి నీళ్లు తెస్తారు. ఆ నీళ్లతోనే దేవుడికి అభిషేకం. పూజకి కావలసిన కుండలు సిరికొండలో కుమ్మరులు చేసిస్తారు. తిరిగొచ్చాక ఊళ్లోకి వెంటనే పోరు, మర్రిచెట్ల కింద బస చేస్తారు. బస్సులు, కార్లు ఉన్న ఈ రోజుల్లో కూడా ఇది నడకే.

ఇందులో నాకు బాగా నచ్చే ఘట్టం 'భేటింగ్'. ఆ వంశంలోకి కొత్తగా వచ్చిన కోడళ్లని తెల్లచీరల్లో తీసుకొచ్చి నాగోబాకి పరిచయం చేస్తారు. అది అయ్యేదాకా వాళ్లు ఆ వంశం పూజల్లో పూర్తిగా భాగం కారు. దీన్ని భక్తి అని మాత్రమే చూడకండి. మెస్రం కుటుంబాలు ఎన్నో ఊళ్లలో చెదిరి ఉంటాయి. ఎవరి ఇంటికి ఎవరు కోడలిగా వచ్చారు, ఎవరు ఎవరికి ఏమవుతారు, ఎవరు మనవాళ్లు అన్నది ఏడాదికోసారి అందరి కళ్ల ముందు ఖాయమయ్యే సందర్భం అది. రిజిస్టర్ లేదు, సర్టిఫికెట్ లేదు. చూసిన వందల కళ్లే సాక్ష్యం. ఇక గోండుల వంశ చరిత్రలు పాడి చెప్పే ప్రధాన్ల గొంతులో ఆ వంశం కథ ఇంకోసారి వినిపిస్తుంది. మన ఇళ్లలో ముత్తాత పేరు అడిగితే ఎంతమందిమి చెప్పగలమో ఒకసారి ఆలోచించుకోండి.

సరే, ఇంతవరకూ జాతర వంశం లోపలి వ్యవహారం. 1940 తర్వాత కథ మారింది.

1940 అక్టోబర్‌లో జోడేఘాట్ దగ్గర కొమరం భీమ్‌ని నిజాం పోలీసులు చంపారు. జల్, జంగల్, జమీన్ అని మనం ఈ రోజు అనుకునే పోరాటం అది. భీమ్ పోయాక గొడవ చల్లారిందని నిజాం ప్రభుత్వం అనుకోలేదు. అసలు గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవడానికి ఆస్ట్రియాలో పుట్టిన మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్‌ని ఆ అడవుల్లోకి పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ మార్లవాయి అనే ఊళ్లో గుడిసె వేసుకుని గోండుల మధ్యే ఉన్నారు. ఆయనకి అర్థమైంది ఒకటే. గోండులకి అధికారి అంటే పన్ను వసూలు చేసేవాడు, అడవి నుంచి వెళ్లగొట్టేవాడు, కేసు పెట్టేవాడు. తమ బాధ చెప్పుకోవడానికి వాళ్లకి ఒక్క చోటు కూడా లేదు. కచేరీకి వెళ్తే భాష రాదు, మధ్యలో దళారీ.

మరి గోండులంతా తమంతట తాము, ఎవరూ పిలవకుండా, భయం లేకుండా ఒక చోట చేరేది ఎప్పుడు? నాగోబా జాతరకి. అందుకే అధికారులనే అక్కడికి రప్పించారు. 1940ల్లో అలా మొదలైందే నాగోబా దర్బార్. పూజలయ్యాక ఒక రోజు అధికారులు కూర్చుంటారు, జనం వచ్చి గోడు చెప్పుకుంటారు. ఆ దశాబ్దంలోనే వేల గోండు కుటుంబాలకి భూమి పట్టాలు వచ్చాయి, మార్లవాయిలో గోండీ భాషలో చదువు చెప్పే ప్రయత్నం మొదలైంది. అవన్నీ దర్బార్ ఒక్కదాని వల్లే వచ్చాయని నేననను. కానీ పాలించేవాడు జనం దగ్గరికి, జనం సమయానికి, జనం దేవుడి ముందుకు రావడం చిన్న మార్పు కాదు. ఆ మార్పు సభ పెట్టి తెచ్చింది కాదు. అప్పటికే ఉన్న జాతర మీద నిలబెట్టింది. జాతర లేకపోతే ఆ దర్బార్‌ని నిలబెట్టడానికి చోటే ఉండేది కాదు.

అయితే ఇక్కడితో ఆపేస్తే అబద్ధం చెప్పినట్టే. కేస్లాపూర్‌కి కొద్ది కిలోమీటర్ల దూరంలోనే ఇంద్రవెల్లి ఉంది. 1981 ఏప్రిల్ 20న, భూమి సమస్యల మీద గిరిజన రైతుకూలీ సంఘం పెట్టుకున్న సభకి వచ్చిన ఆదివాసుల మీద అక్కడే పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని ప్రభుత్వం లెక్క చెప్పింది. అంతకంటే చాలా ఎక్కువమంది పోయారని ఆదివాసులు, హక్కుల సంఘాలు ఈ రోజుకీ అంటాయి. చూడండి, ఒకే మండలం. జాతరలో అర్జీ తీసుకునే ప్రభుత్వం, సభ పెట్టుకుంటే తుపాకీ పేల్చింది. దేవుడి పేరుతో చేరితే సంస్కృతి, భూమి పేరుతో చేరితే శాంతిభద్రతల సమస్య. తర్వాత చాలా ఏళ్లపాటు ఏప్రిల్ 20న ఇంద్రవెల్లి స్తూపం దగ్గర నివాళి పెట్టడానికి కూడా ఆంక్షలే. అంటే పండగని గౌరవించినంత తేలిగ్గా ఆ పండగ చేసుకునేవాళ్ల హక్కుని ఎవరూ గౌరవించరు. ఈ తేడా గుర్తుపెట్టుకోండి, మేడారం దగ్గర మళ్లీ వస్తుంది.

ఇప్పటికీ దర్బార్ జరుగుతూనే ఉంది. కలెక్టర్ వస్తారు, ఉట్నూరు ఐటీడీఏ అధికారులు వస్తారు, మంత్రులు కూడా వస్తుంటారు. పోడు పట్టాలు, తాగునీళ్లు, రోడ్డు, బడి... అర్జీలన్నీ ఇవే. 2006 అటవీ హక్కుల చట్టం వచ్చి ఇన్నేళ్లయినా పోడు పట్టాల కాగితాలు తగ్గలేదు. నా అభిప్రాయం అడిగితే, దర్బార్‌లో వేదిక ఎత్తు పెరిగే కొద్దీ వినడం తగ్గుతోంది. ఉపన్యాసాలు ఎక్కువ, సమాధానాలు తక్కువ. అయినా ఆ రోజుని రద్దు చేద్దామని ఏ అధికారీ అనలేడు. అడిగే హక్కుకి క్యాలెండర్‌లో ఒక తేదీ ఉండటమే దాని బలం. ఇంకో మాట, కేస్లాపూర్‌లో ఇప్పుడు మీరు చూసే కొత్త రాతి గుడి మెస్రం కుటుంబాలు తమలో తాము చందాలు వేసుకుని కట్టుకున్నది. 2022లో ప్రారంభించుకున్నారు. 'ప్రభుత్వం డబ్బు వృథా' అనేవాళ్లు ఇది కూడా లెక్కలో వేసుకోవాలి.

ఇప్పుడు మేడారానికి వద్దాం.

కథ క్లుప్తంగా చెప్తాను. కరువు వచ్చింది. కాకతీయ రాజుకి కప్పం కట్టలేమని మేడారం కోయలు అన్నారు. సైన్యం వచ్చింది. సమ్మక్క భర్త పగిడిద్దరాజు, కూతురు సారలమ్మ, అల్లుడు గోవిందరాజు యుద్ధంలో పోయారు. కొడుకు జంపన్న సంపెంగవాగులో దూకి ప్రాణం వదిలాడు, అదే ఇప్పటి జంపన్నవాగు. వెన్నుపోటు తిన్న సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి మాయమైంది. వెతికినవాళ్లకి కుంకుమ భరిణె దొరికింది. రెండేళ్లకోసారి మాఘ మాసంలో, పౌర్ణమి రోజుల్లో జాతర. బుధవారం కన్నెపల్లి నుంచి సారలమ్మ, పూనుగొండ్ల నుంచి పగిడిద్దరాజు, కొండాయి నుంచి గోవిందరాజు గద్దెలకి వస్తారు. గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క. ఆమె గుట్ట దిగేటప్పుడు జిల్లా పోలీసు అధికారి గాల్లోకి తుపాకీ పేల్చి వందనం చేస్తారు. శుక్రవారం నలుగురూ గద్దెల మీద ఉంటారు, శనివారం వనప్రవేశం. అప్పటి వరకూ విగ్రహం కనబడదు. వెదురు, కుంకుమ భరిణె, అంతే.

ఈ కథలో విశేషం గమనించారా? ఇది ఓడిపోయిన వాళ్ల కథ. గెలిచిన వాళ్లకి రాళ్లున్నాయి, శాసనాలున్నాయి. అదే ములుగు జిల్లాలో పాలంపేట దగ్గర రామప్ప గుడి ఉంది. 1213 నాటి శాసనం ఉంది, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. కాకతీయుల గురించి మనం పుస్తకాల్లో చదువుకుంటాం. తెలంగాణ రాష్ట్ర చిహ్నంలోనే కాకతీయ తోరణం ఉంది. సమ్మక్క కథకి మాత్రం శాసనం లేదు. పాట ఉంది, జాతర ఉంది. జాతర ఆగిపోయి ఉంటే ఆ కథ కూడా ఆగిపోయేది. కాకతీయుల తోరణాన్ని చిహ్నంగా పెట్టుకున్న రాష్ట్రమే, ఆ కాకతీయుల మీద తిరగబడిన తల్లీకూతుళ్లకి పోలీసు వందనం చేయిస్తోంది. చరిత్ర క్లాసులో చర్చించాల్సిన విషయం ఇది. రెండు పక్షాల జ్ఞాపకాలనీ ఒకే జిల్లా మోస్తోంది, అది కూడా పోట్లాట లేకుండా. పుస్తకం చేయలేని పని ఇది, ఎందుకంటే పుస్తకంలో ఎవరో ఒకరు రాస్తారు, మిగతావాళ్లు చదువుతారు. జాతరలో బెల్లం మోసినవాడు కూడా కథలో భాగమే.

బెల్లం అన్నాను కదా, అక్కడ దాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. మొక్కు తీరితే మనిషి బరువుకి సరిపడా తూకం వేసి సమర్పిస్తారు, అది నిలువెత్తు బంగారం. డబ్బున్నవాడూ అదే ఇస్తాడు, లేనివాడూ అదే ఇస్తాడు. బంగారం అన్న మాటకి అర్థం మార్చేసిన చోటు అది.

1996లో ప్రభుత్వం మేడారాన్ని రాష్ట్ర పండగగా గుర్తించింది. అక్కడి నుంచి జాతర సైజే వేరు. ఈ మధ్య జాతరలకి వచ్చినవాళ్ల సంఖ్య కోటి దాటిందని ప్రభుత్వ లెక్క. ఆర్టీసీ వేల బస్సులు నడుపుతుంది. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం మొదలయ్యాక వచ్చిన తొలి మేడారం 2024 ఫిబ్రవరిది. ఛార్జీలకి భయపడి ఇంట్లో ఉండిపోయే అమ్మమ్మలు, అత్తమ్మలు కూడా కదిలే వీలు దొరికింది. ఒడిబియ్యం పట్టుకుని బస్సెక్కిన ఒక పెద్దావిడకి ఆ ప్రయాణం దర్శనం మాత్రమే కాదు. చాలామందికి ఇల్లు, పొలం దాటి, తన వయసు వాళ్లతో కలిసి రెండు రాత్రులు గడిపేది అప్పుడే.

ఇక డబ్బు లెక్క. జాతర ఉన్న ఏడాది మేడారానికి రోడ్లు, నీళ్లు, కరెంటు, స్నానఘట్టాలు వస్తాయి. వాటిలో కొన్ని శాశ్వతంగా ఉంటాయి, కొన్ని జాతరతోనే పోతాయి. ప్రశ్న అడగాల్సింది ఇక్కడ. "జాతరకి ఎందుకు ఖర్చు?" అని కాదు. "ఈ ఖర్చులో జాతర అయిపోయిన నెలకి ఊళ్లో ఉండేది ఎంత?" అని. కోటిమంది కోసం నాలుగు రోజులు నడిచే ఆస్పత్రి, మిగతా రెండేళ్లు అడవి గూడేల్లోని బాలింత కోసం ఎందుకు నడవదు? ఈ ప్రశ్న అడిగితే జాతర వద్దన్నట్టు కాదు, జాతరని ఇంకా గట్టిగా పట్టుకున్నట్టు. బడి కట్టొచ్చు కదా అన్నవాళ్లకి ఒక సంగతి. 2014 విభజన చట్టంలో హామీ ఇచ్చిన గిరిజన విశ్వవిద్యాలయానికి 2023 డిసెంబర్‌లో పార్లమెంటు చట్టం చేసింది. ములుగులో పెట్టే ఆ యూనివర్సిటీ పేరు సమ్మక్క సారక్క. తొమ్మిదేళ్లు ఆలస్యమే, ఒప్పుకుంటా. కానీ ఆ పేరు అందరికీ తెలిసిన పేరు కావడానికి కారణం జాతరే.

మరి నష్టాల సంగతి? ఉన్నాయి, పెద్దవే. మేడారం చుట్టూ ఉన్నది ఏటూరునాగారం అభయారణ్యం. కోటిమంది వచ్చి వండుకుని, తిని, నిద్రపోయి వెళ్తే ఆ అడవి ఎలా ఉంటుందో జాతర అయిన వారం తర్వాత వెళ్లి చూడండి. ప్లాస్టిక్ గ్లాసులు, కోడి ఈకలు, కుళ్లిన మిగుళ్లు. జంపన్నవాగులో నీళ్ల కోసం లక్నవరం చెరువు నుంచి నీళ్లు వదలాల్సి వస్తుంది. జాతర ఏడాది చుట్టుపక్కల పొలాలు పార్కింగ్‌లు, గుడారాల స్థలాలు అవుతాయి. యాసంగి పంట వేసుకోలేని రైతులు పరిహారం అడుగుతూ ఉంటారు. ఆ రైతుల్లో కోయలే ఎక్కువ. వాళ్ల తల్లి జాతరకి వాళ్ల పంటే ఖర్చు. అలాగే, షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరులు భూమి కొనకూడదని 1970 నుంచి గట్టి చట్టం ఉంది, మనం 1/70 అంటాం. కానీ కోటిమంది వచ్చే చోట వ్యాపారం విలువ ఎంతో మీకు చెప్పక్కర్లేదు. చట్టానికి ఒత్తిడి అక్కడి నుంచే వస్తుంది.

నన్ను వీటన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టేది ఇంకొకటుంది. సమ్మక్క సారలమ్మ కథని కోయ భాషలో, తెలుగులో పాడగలిగిన కంచుమేళం కళాకారుడు సకిని రామచంద్రయ్య. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024 జూన్‌లో చనిపోయారు. ఆ ఏడాది ఫిబ్రవరిలో జాతరకి కోటిమంది వచ్చారని చెప్పుకున్నాం కదా. ఆ కోటిమందిలో ఆ కథని మొదటి నుంచి చివరి దాకా కోయ డోలీలు పాడే తీరులో విన్నవాళ్లు ఎంతమంది ఉంటారు? జనం పెరుగుతున్నారు, పాడేవాళ్లు తగ్గుతున్నారు. గద్దెల దగ్గర మైకుల్లో వినిపించేది డీజే మిక్స్ పాటలు. నాకు డీజే మీద కోపం లేదు, నేనూ వింటా. కానీ పాట ఖాళీ చేసిన చోట్లోకి వేరే కథలు వచ్చి కూర్చుంటాయి. సమ్మక్క ఫలానా పురాణ దేవత అవతారం అని చెప్పే రీల్స్ మీరు చూసే ఉంటారు. కోయలు చెప్పే కథలో ఆమె మనిషి. కప్పం కట్టనన్న మనిషి. అవతారం చేసేస్తే ఆ తిరుగుబాటు మాయమైపోతుంది.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా 2024లోనే ఉంది. హైమెన్‌డార్ఫ్ ఉన్నాడని చెప్పానే, అదే మార్లవాయికి చెందిన గుస్సాడీ గురువు కనకరాజు. 2021లో పద్మశ్రీ. ఆయన కూడా 2024 అక్టోబర్‌లో పోయారు. కానీ ఆయన బతికుండగానే కుర్రాళ్లకి గుస్సాడీ నేర్పుతూ పోయారు. దీపావళికి నెమలి ఈకల టోపీలతో దండారీ బృందాలు ఊరూరా తిరుగుతూనే ఉన్నాయి. గురువు పోయినా ఆట ఆగలేదు. రెండు కళల మధ్య తేడా జనసంఖ్య కాదు, నేర్చుకున్న పిల్లలు.

2022 మార్చిలో ఇంకొక సంగతి జరిగింది. ఒక పీఠాధిపతి పాత ప్రసంగంలో సమ్మక్క సారలమ్మల్ని తక్కువ చేసి మాట్లాడిన వీడియో ముక్క ఫోన్లలో తిరిగింది. మేడారం నుంచి హైదరాబాద్ దాకా నిరసనలు వచ్చాయి, అన్ని పార్టీల నాయకులూ స్పందించాల్సి వచ్చింది. అలాంటి మాట యాభై ఏళ్ల కింద ఎవరన్నా అని ఉంటే అడవి బయట ఎవరికీ పట్టేది కాదు. ఒక చిన్న సమాజానికి జాతర ఇచ్చిన బలం అది. అయితే ఇంద్రవెల్లి దగ్గర గుర్తుపెట్టుకోమన్న తేడా ఇక్కడే. దేవతని అవమానిస్తే రాష్ట్రం మొత్తం కదిలింది. అదే తల్లి పిల్లలు పోడు భూమి నుంచి ఖాళీ చేయించబడినప్పుడు అంతమంది కదలరు. ఆ రోజు ట్రెండింగ్‌లో ఉండదు.

2026 జనవరి 28 నుంచి 31 వరకు జరిగిన జాతరకి ముందు గద్దెల ప్రాంగణాన్ని రాతి కట్టడాలతో విస్తరించారు. పూజారుల ఆమోదంతోనే చేస్తామని ప్రభుత్వం చెప్పింది, కోయల గుర్తులు చెక్కించింది. జనం తొక్కిసలాట లేకుండా కదలడానికి అది అవసరమే. కానీ వెదురుకర్ర, కుంకుమ భరిణెతో నడిచిన చోటుకి రాయి వచ్చింది. ఇది మంచో చెడో మేడారం పూజారులు చెప్పాల్సిన మాట, నాది కాదు. ఆ మాట చెప్పే హక్కు వాళ్ల చేతిలో ఉందా లేదా అన్నది మాత్రం నేను, మీరు, అందరం గమనిస్తూ ఉండాల్సిందే.

వెళ్లాలనుకునేవాళ్లకి రెండు మాటలు. చిలకలగుట్ట మీదికి పూజారులే వెళ్తారు, అక్కడ జరిగేది రహస్యం. డ్రోన్ ఎగరేసి, దొంగచాటుగా షూట్ చేసి వ్యూస్ తెచ్చుకుందామని చూడకండి. మీ సంచిలో తీసుకెళ్లిన ప్లాస్టిక్ మీ సంచిలోనే వెనక్కి తెచ్చుకోండి. వీలైతే జాతర లేని నెలలో ఒకసారి వెళ్లండి. జనం లేని గద్దెలు, ఎండిన జంపన్నవాగు, ఊళ్లో బడి, ఆస్పత్రి అన్నీ తీరిగ్గా కనిపిస్తాయి. నాగోబాకైతే పుష్య అమావాస్య తేదీ చూసుకుని దర్బార్ రోజుకి వెళ్లండి. వేదిక మీద కాదు, కింద అర్జీలు పట్టుకుని కూర్చున్నవాళ్ల పక్కన కూర్చోండి. ఏం అడుగుతున్నారో వినండి.

వచ్చే ఎపిసోడ్‌లో గుస్సాడీ గురించి, ఆ నెమలి ఈకల టోపీ ఎలా కడతారో మాట్లాడుకుందాం. ఉంటాను.